డెంజిల్ కారవాన్‌కు పరాయి డేరా

ఆ ఉదయం డెంజిల్ పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి టీ తాగాలి, తొమ్మిదింటికి చక్రాల మీది ఇల్లు లాంటి తమ కారవాన్‌ను కారుకు తగిలించాలి, పన్నెండు లోపల పెన్‌కారో తీరానికి చేరాలి. అక్కడ సముద్రానికి ఎదురుగా కారవాన్ నిలిపేందుకు ఉన్న ఒకే ఒక్క చోటు కోసం అతనూ, భార్య ఎనిడూ తొమ్మిదేళ్ళు వరుసలో కాచుకున్నారు. ఈలోగా డెంజిల్ పోస్ట్‌మన్‌ ఉద్యోగం నుంచి రిటైరై, రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ చేయించుకున్నాడు కూడా. పన్నెండు దాటితే ఆ చోటు వరుసలో తర్వాతి వాళ్ళకు పోతుంది.

టీ తాగుతుండగా గోడ అవతల టకటకమని చప్పుడైంది. కర్టెన్ తొలగించి చూస్తే బయట కారవాన్లు నిలిపే మైదానమంతా పొగమంచు. నిన్న పక్కన దిగిన రూపర్ట్ అనే పొడుగాటి మనిషి, తనదే అనుకుని, కారవాన్ ముందు వేసుకునే తన డేరా తెచ్చి వీళ్ళ కారవాన్‌కు తగిలిస్తున్నాడు. మైదానంలో ఉన్నవన్నీ తెల్ల కారవాన్లే మరి.

"వెళ్ళి చెప్పు," అంది ఎనిడ్.

"పాపం, సగం బిగించేశాడు. ఇప్పుడు చెబితే చిన్నబోడూ? ఈ మేకు కొట్టడం అయ్యాక చెబుతాలే."

మేకు అయింది. డెంజిల్ బయటికొచ్చి గొంతు సవరించుకున్నాడు. తీరా నోరు తెరిస్తే, "గడ పట్టుకోమంటారా?" అన్న మాట వచ్చింది.

రూపర్ట్ కాస్త తడబడి, "అయ్యో, మీకెందుకండీ శ్రమ," అన్నాడు.

"శ్రమేముంది లెండి."

మొహమాటానికి పోతే కడుపైందన్న సామెత ఊరికే పుట్టలేదు. ఒక గడ పట్టుకున్నవాడు రెండోది పట్టుకోకుండా ఎలా ఉంటాడు? నాలుగు గడలు నిలబెట్టాక ఇది నా కారవాన్ అంటే, ఇంతసేపూ ఏం చేస్తున్నావయ్యా అనడా? పదింటికి ఎనిడ్ బయటికి రాగానే డెంజిల్‌కు ప్రాణం లేచొచ్చింది. ఆమె రూపర్ట్‌ను ఎగాదిగా చూసి, "టీలో చక్కెర ఎన్ని చెంచాలండీ?" అంది.

పదకొండున్నరకు డేరా లేచింది, మంచు విడిపోయింది. ముగ్గురూ అందులోనే కూర్చుని జామూ మీగడా రాసుకుని స్కోన్లనే చిన్న రొట్టెలు తిన్నారు. రూపర్ట్ జామ్ కంటే ముందు మీగడ రాశాడు. కార్న్‌వాల్‌లో పుట్టి పెరిగిన డెంజిల్‌కు అది చూడలేని ఘోరం; అక్కడ ముందు జామ్, ఆ తర్వాతే మీగడ. అయినా అతనికి ఇంకో స్కోన్ అందించాడు.

పన్నెండు దాటి అయిదు నిమిషాలకు మాత్రం ఇక ఆగలేకపోయాడు. "ఏమీ అనుకోకండి. ఇది మా కారవాన్."

"తెలుసండీ," అన్నాడు రూపర్ట్ సిగ్గుపడుతూ. "మేకు కొట్టి తలెత్తితే కిటికీలో మీ పూల కర్టెన్లు కనబడ్డాయి. ఆపేద్దామనుకుంటే మీరొచ్చి గడ పట్టుకున్నారు. అంత ముచ్చటపడుతున్నవాళ్ళకు వద్దని ఎలా చెప్పేది?"

అంతలో అతని ఫోన్ మోగింది. వింటుంటేనే మొహం వెలిగిపోయింది.

"పెన్‌కారో నుంచండీ. వరుసలో మా ముందున్న వాళ్ళు టైముకు రాలేదట. సముద్రం ఎదుటి చోటు మాకిచ్చేశారు. ఎవరో గానీ, వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి."

ఎనిడ్ కప్పు కింద పెట్టి భర్త వైపు చూసింది. డెంజిల్‌కు నిజంగానే ఏడుపొచ్చింది.

"చాలా సంతోషమండీ," అన్నాడు. "డేరా విప్పడానికి మేమూ సాయం పడతాం."

ఎనిడ్ ఆ వారమంతా భర్తతో, పరాయివాళ్ళతో మాట్లాడినట్టు ఎంతో మర్యాదగా మాట్లాడింది.