కాలి బొటనవేలు కొట్టిన కట్టెలు

కొట్లో మాస్టారికి రెండు గొడ్డళ్లు చూపించారు. ఒకటి సన్నగా, అద్దంలా మెరుస్తోంది. రెండోది లావుగా, మొండిగా, ఎవరిమీదో అలిగి మూతి ముడుచుకున్నట్టుంది. మన మాస్టారు బడిలో బొమ్మలు నేర్పే మనిషి. అందం చూసే కళ్లు. మెరిసేదాన్ని భుజాన వేసుకుని దర్జాగా ఇంటికొచ్చారు.

భార్య దాన్ని ఎగాదిగా చూసింది.

"ఇది చెట్టు నరికే గొడ్డలండీ. మొద్దులు చీల్చడానికి పనికిరాదు. సన్నటి పదును కట్టెలో దిగి కూచుంటుంది గానీ కట్టెను విడదీయదు. చీల్చాలంటే లావాటిదే కావాలి."

"గొడ్డళ్ల సంగతి నీకేం తెలుసే?"

"నలభై ఏళ్లు కట్టెలు కొట్టినాయన కూతుర్ని. నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?"

మాస్టారు విననట్టు నటించి, పెరట్లోకి వెళ్లి ఒక్క దెబ్బ వేశారు. గొడ్డలి మొద్దులో దిగబడింది. లాగారు, రాలేదు. మొద్దుమీద కాలు పెట్టి లాగారు. కాలు జారింది, మాస్టారు వెల్లకిలా పడ్డారు, గొడ్డలి మాత్రం ఉన్నచోటే ఉంది.

"పోనీలెండి," అంది ఆవిడ గుమ్మంలోంచి. "చొక్కా తగిలించుకోవడానికి ఒక కొయ్య దొరికింది."

మాస్టారు లేచి, దుమ్ము దులుపుకుని, నిజంగానే చొక్కా విప్పి దానికి తగిలించారు.

వీధిలో ఆయన్ని అందరూ కునుకు మాస్టారు అంటారు. ఊరికే అనరు. ఒకసారి నల్లబల్ల మీద పూర్ణచంద్రుణ్ణి గీస్తూ సగంలో కునుకు తీశారు. పిల్లలు దాన్ని అర్ధచంద్రుడనుకుని బుద్ధిగా దించుకున్నారు. మార్కులూ పడ్డాయి.

అసలు ఈ కట్టెల గొడవ మామగారి వల్ల వచ్చింది. పెద్దకూతురింట్లో ఉండే ఆయన, చలికాలం మొదట్లో ఒక వారం చూసిపోదామని వచ్చారు. చూపు బాగా తగ్గింది. చెవులు మాత్రం పాముచెవులు. తెచ్చుకున్నవి రెండే: తన పాత లావు గొడ్డలి, గట్టిగా తాడు బిగించిన ట్రంకుపెట్టె. ఆ గొడ్డలి అడగడం నామోషీ అనిపించే మాస్టారు కొత్తది కొనుక్కొచ్చారు. ఆ పెట్టె మంచం కిందికి వెళ్లిందే గానీ తాడు విప్పలేదు.

"ఆదివారంలోపు ఈ గదిలో మంట పడితే ఉంటాను," అన్నారాయన. "లేకపోతే తిరుగు బండి ఎక్కేస్తాను. దుప్పట్లకు పోయే చలి కాదు నాది."

ఆవిడ మాస్టారిని వంటింట్లోకి లాక్కెళ్లింది. కుడి మణికట్టు బెణికి గుడ్డ కట్టుకుని ఉంది, లేకపోతే ఈయన్ని అడిగేదే కాదు.

"పెళ్లయి పాతికేళ్లయింది. నాన్న నా దగ్గర ఒక్క చలికాలమైనా ఉండలేదు. ఆ మొద్దులు కొట్టిపెట్టండి. ఇంకేమీ అడగను."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. మాస్టారి మనసు కరిగింది. చేతులు మాత్రం కరగలేదు. పైగా బడికి సెలవులు. సెలవుల్లో మధ్యాహ్నం నిద్ర మానుకోవడమంటే ఆయనకు ప్రాణం పోయినంత పని.

కొత్త గొడ్డలి మొద్దులో ఇరుక్కున్నాక గుర్తొచ్చింది ఆయనకు తనకున్న ఏకైక విద్య. ఆడపిల్లలిద్దరూ ఉయ్యాల్లో ఉన్న రోజుల్లో, తాడు కాలి బొటనవేలికి కట్టుకుని, తాను గుర్రుపెడుతూనే తెల్లవార్లూ ఉయ్యాల ఊపేవారు. మనిషి నిద్రపోయినా కాలు డ్యూటీ చేసేది. మూడు ఊపులు, ఒక ఆగుడు; దూలం టక్‌టక్‌మనే ఆ చప్పుడుకే పిల్లలు హాయిగా నిద్రపోయేవారు. అంత గొప్ప విద్య పిల్లలు పెద్దవాళ్లవడంతో మూలపడిపోయింది కదా!

మామగారు స్నానానికి వెళ్లిన సమయం చూసి, మంచం కింద పెట్టెకున్న తాడు మెల్లగా విప్పుకున్నారు మాస్టారు. కట్టెల పాకలో దూలం మీదుగా దాన్ని వేసి, ఒక కొసకు కొయ్యసుత్తి, రెండో కొసకు బొటనవేలు కట్టారు. వేలు వంచితే సుత్తి లేస్తుంది. వదిలితే ఎండు మొద్దు మీద పడుతుంది. టక్.

"ఎవరూ లోపలికి రావద్దు," అని కేకేశారు. "పేళ్లు ఎగిరి కంట్లో పడతాయి."

తలుపు దగ్గరగా వేసి, గోనెసంచుల మీద పడుకున్నారు. టక్... టక్... టక్. కాస్త ఆగి, మళ్ళీ మూడు.

ఆహా, ఆ కలలు! మొద్దులు మబ్బుల్లా తేలివచ్చేవి. బొటనవేలితో ఇలా అంటే చాలు, ఒక్కొక్కటీ పువ్వులా విచ్చుకునేది. మామగారు మబ్బుమీద కూర్చుని చప్పట్లు కొట్టేవారు. పెద్దల్లుడు కింద నిలబడి కుళ్లుకునేవాడు. సోమవారం నుంచి శనివారం దాకా మాస్టారు లోకంలో ఉన్న కట్టెలన్నీ కొట్టేశారు, పాకలో ఉన్నవి తప్ప.

శనివారం మధ్యాహ్నం మెలకువ వచ్చేసరికి సుత్తి చప్పుడు తప్ప చుట్టూ ఏదో వింత నిశ్శబ్దం. కాలు ఇంకా ఊగుతూనే ఉంది. తాడు విప్పుకుని వీధిలోకి వచ్చారు.

ఎదురింటి దర్జీ మిషను మీద తల ఆన్చి నిద్రపోతున్నాడు. పోస్టుమాను మెట్లమీద, ఒళ్లో ఉత్తరాల సంచితో, నోరు తెరిచి. పక్కింటావిడ స్తంభానికి ఆనుకుని. ఆవిడ పొయ్యిమీద పాలు పొంగి, మాడి, పొగ కిటికీలోంచి తీరిగ్గా బయటికి వస్తోంది. కుక్క కూడా వీధి మధ్యలో కాళ్లు బారజాపుకుంది. మాస్టారికి తాను ఇంకా కలలోనే ఉన్నాననిపించింది. చేయి గిల్లుకున్నారు. నొప్పి పుట్టింది.

గబగబా వెళ్లి పక్కింటి పొయ్యి ఆర్పి, ఇంటికొచ్చి చూస్తే గదిలో మామగారు మెలకువగానే ఉన్నారు. ట్రంకుపెట్టె మంచం కిందనుంచి లాగి ముందు పెట్టుకుని, మూత చుట్టూ తడుముతున్నారు. పక్కన భార్య నిలబడి ఉంది.

"నా పెట్టె తాడు ఎవరు విప్పారు?" అన్నారాయన.

మాస్టారు ముందుకొచ్చారు. ఇక దాచి లాభం లేదు.

"నేనే మామయ్యగారూ... అది..."

"మీరా అల్లుడుగారూ?" ఆయన తడమడం ఆపారు. "పెద్దమ్మాయి ఇంట్లో మూడేళ్లున్నాను. ఈ తాడు విప్పమని ఎవరూ అనలేదు. మీరు నన్ను అడగనైనా అడగకుండా విప్పేశారు. ఇంకెక్కడికి పోతానయ్యా నేను? ఇక్కడే ఉంటాను."

మాస్టారు సిగ్గుతో తల వంచుకుంటే, అది వినయమనుకుని మామగారు ఆ తల నిమిరారు. అంత సిగ్గులోనూ మాస్టారికి కడుపు నిండినట్టయింది.

భార్య చెంగుతో కళ్లు తుడుచుకుంది. తరవాత మామగారి గొడ్డలి తెచ్చి మాస్టారి చేతిలో పెట్టింది.

"వారానికి సరిపడా కొట్టమంటే తప్పించుకున్నారు. ఇప్పుడు చలికాలమంతటికీ కావాలి. నాలుగు నెలలు."

"నేను రోజూ కొడుతూనే ఉన్నానుగా! వినపడలేదూ?"

"వినపడకేం? మూడు దెబ్బలు, ఒక ఆగుడు. ఆ జోలకే కదా మన పిల్లలిద్దరూ నిద్రపోయింది, ఇప్పుడు వీధంతా పడుకుంది! నాకంటే అలవాటైపోయింది గానీ. సోమవారమే చెక్కల సందులోంచి చూశాను. కోపం రావలసింది, నవ్వొచ్చింది. రోజూ దుప్పటి కప్పి, మీరు లేచేలోపు తీసింది ఎవరనుకున్నారు?"

నిజమే, కలలో మబ్బులు వెచ్చగా ఉండేవి.

మామగారు కుర్చీ పాక ముందు వేయించుకున్నారు. "మొద్దు తలమీద పగుళ్లుంటాయి, చూసుకోండి. అవి ఎటు పోతే గొడ్డలి అటు దించండి. బలం మీది కాదు, దాని బరువుది."

మాస్టారు గొడ్డలి ఎత్తి దించారు. ఫట్! మొద్దు రెండయింది. వీధిలో దర్జీ ఉలిక్కిపడి లేచాడు.

"అదీ!" అన్నారు మామగారు తృప్తిగా. "ఆరు రోజులుగా కొట్టిన చప్పుడే గానీ చీలిన చప్పుడు లేదు. ఈ ఒక్కదాని కోసమే చెవి పెట్టుకు కూర్చున్నాను అల్లుడుగారూ. ఇంకోటి కానివ్వండి."

ఆ సాయంత్రం గదిలో మంట పడింది. పెట్టె తాడు ఇప్పుడు పెరట్లో బట్టలారేసే తాడయింది. దానిమీద మామగారి చొక్కాలు వరసగా ఆరుతుంటాయి. మాస్టారి చొక్కా మాత్రం ఇంకా ఆ మెరిసే గొడ్డలికే వేలాడుతోంది.