ముహూర్తం పెట్టిన దండయాత్ర

"ఏం రాస్తున్నావు బాబూ?" అని దమయంతి అడిగేసరికి బట్టలారబెట్టే మిషన్ గిర్రున తిరుగుతోంది.

"దండయాత్ర ప్లాన్ ఆంటీ," అన్నాడు రేవంత్.

"దండలా?"

"ఆ, ఆంటీ." ఆ చప్పుడులో అతనికీ సరిగా వినిపించలేదు. అయితే వారం రోజుల్లో ఒక మనిషి తనను అడిగిన మొదటి ప్రశ్న అది. కాదనబుద్ధి కాలేదు.

ఎడ్మంటన్‌లో ఎటు చూసినా మంచు. ఆ మంచులో దమయంతి, విశ్వేశ్వరరావుల ఇల్లు, ఆ ఇంటి కింద బేస్‌మెంట్, అందులో అద్దెకుంటున్న హుజూరాబాద్ రేవంత్, అతని ముందు ఎడారి. సప్లై చెయిన్ కోర్సులో ప్రొఫెసర్ ఇచ్చిన అసైన్‌మెంట్ అది. నలభై వేల సైన్యం ఎడారి దాటి దాడి చేయాలి. తిండీ నీళ్ళూ ఎలా అందిస్తావు? ఆ ప్లాన్ సోమవారంలోగా ముగ్గురికి వినిపించి, వాళ్ళ అభిప్రాయాలూ సంతకాలూ తేవాలి. లేదంటే కోర్సు మళ్ళీ మొదటినుంచి. నలభై వేలమందికి నీళ్ళు రేవంత్‌కి సులువుగానే దొరికాయి. ముగ్గురు మనుషులే దొరకలేదు. కాలేజీలో అతను చేరేలోపే అందరూ గ్రూపులు కట్టేసుకున్నారు. పార్ట్‌టైమ్ చేసే గోదాములో హెడ్‌ఫోన్లు తప్ప హెడ్లు కనిపించవు. గతిలేక ప్లానంతా మైక్రోవేవ్‌కి వినిపించాడు. అది మధ్యలో రెండుసార్లు బీప్ మంటే ప్రశ్నలనుకుని జవాబులు కూడా చెప్పాడు.

రేవంత్ తండ్రి లింగయ్య పెళ్ళిళ్ళ వంటమాస్టర్. చిన్నప్పటినుంచి కొడుకు చూసిన సప్లై చెయిన్ అదొక్కటే. అందుకే ప్లానుని తండ్రి రాసే లిస్టులాగే రాసి, మరచిపోకుండా ఫ్రిజ్‌కి అంటించాడు:

'శనివారం. ముహూర్తం 9.10. మొదటి బంతి ముందు వరసకి. నీళ్ళ ట్యాంకర్లు, బియ్యం, పెరుగు. టెంట్లు. వీలైతే ఒంటెలు. అవతలి పక్షానికి చివరి నిమిషం దాకా తెలియకూడదు.'

ఆరిన బట్టల కోసం వచ్చిన దమయంతి అది చదివి, బట్టలక్కడే వదిలేసి మెట్లెక్కింది.

"ఏమండీ, రేవంత్ శనివారం పెళ్ళి చేసుకుంటున్నాడు. అమ్మాయి వాళ్ళకి చెప్పకుండా."

"మనకీ చెప్పలేదుగా," అన్నాడు విశ్వేశ్వరరావు.

"దండలన్నాడు, నేనే పట్టించుకోలేదు. పాపం, ఇక్కడ వాడికెవరున్నారు?"

"మరి ఒంటెలెందుకే?"

"మొన్న ఎవరో గుర్రమెక్కి ఊరేగలేదూ. వీడి సరదా వీడిది."

కూతురు ఇషిత ఫోన్‌లోంచి తలెత్తకుండా, "హూ ఈజ్ ద బ్రైడ్?" అంది. పనికొచ్చే ప్రశ్న అదొక్కటే. ఎవరూ పట్టించుకోలేదు.

విశ్వేశ్వరరావు, సెలవు రోజుల్లో పూజలు చేయించే ఇంజినీర్ జనార్ధనరావుకి రహస్యంగా ఫోన్ చేశాడు. ఆయన ఆ రహస్యాన్ని అంతే రహస్యంగా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. శుక్రవారానికల్లా పులిహోర ఒకరు, గుత్తివంకాయ ఒకరు పంచుకున్నారు. మైనస్ ముప్పైలో పూలు దొరక్క గ్రూపులోని విశాలాక్షి ఊలుతో దండలు అల్లింది. అమ్మాయి తరఫువాళ్ళు గొడవకొస్తే ఎందుకైనా మంచిదని ఇద్దరు హాకీ కర్రలు సిద్ధం చేసుకున్నారు.

శనివారం తొమ్మిది పదికి, ప్లానులోని ముహూర్తానికే, దాన్ని మరోసారి వినిపించి చూసుకుందామని రేవంత్ ఉన్న ఒక్క కోటూ వేసుకుని మైక్రోవేవ్ ముందు నిలబడ్డాడు. మెట్లమీద ధబధబలాడుతూ ముప్పై ఒక్కమంది దిగారు. మెడలో ఊలు దండ పడింది.

"అమ్మాయేది నాయనా?" అన్నాడు జనార్ధనరావు.

"ఏ అమ్మాయి సార్?"

"భయపడకు," అంది దమయంతి. "అవతలివాళ్ళొస్తే మేం చూసుకుంటాం."

"అవతలోళ్ళు శత్రువులు ఆంటీ."

"ప్రేమ పెళ్ళిళ్ళలో మొదట అంతేలే."

రేవంత్ ఫ్రిజ్ వైపు చూశాడు. సంగతి అర్థమైంది. తర్వాత గదినిండా ఉన్న మనుషుల్ని చూశాడు.

"కూసోండి," అన్నాడు. "మొదటి నుంచి చెప్తా."

ఊలు దండ తియ్యకుండానే లాప్‌టాప్ తెరిచాడు. ముహూర్తమంటే దాడి వేళ అనీ, బంతి అంటే సైనికుల భోజనాల వరస అనీ, అవతలి పక్షం నిజంగానే అవతలి సైన్యమనీ అందరికీ విడమరచి చెప్పాడు. హాకీ కర్రలు గోడకి చేరాయి.

"అయితే పెళ్ళి లేనట్టేనా?" అంది విశాలాక్షి.

"లేదాంటీ."

ఆవిడ ఫ్రిజ్ మీది లిస్టు మళ్ళీ చదివింది. "ఎడారిలో పెరుగు పులిసిపోదూ? మజ్జిగ చెయ్యి."

రేవంత్ రాసుకున్నాడు. ప్రశ్నలు మరో అరగంట సాగాయి. ఆ తర్వాత అందరూ నేలమీదే ఒకే బంతిగా కూర్చుని తిన్నారు. వాళ్ళలో ముందుగా వడ్డించింది రేవంత్‌కే.

మంచు తుఫాను వస్తోందని ఫోన్లు మోగగానే ఎవరి గిన్నెలు వాళ్ళు తీసుకుని హడావిడిగా వెళ్ళిపోయారు. గుమ్మం దగ్గర గుట్టగా పడున్న బూట్లలో మళ్ళీ ఒక్క జతే మిగిలింది. మైక్రోవేవ్ మాట్లాడలేదు. రేవంత్ దండ తియ్యకుండానే కూర్చుని, మూడు గీతలున్న కాగితం మీద ఇరుక్కున్న ముప్పై ఒక్క సంతకాలనూ ఒకటికి రెండుసార్లు చదువుకున్నాడు.

అభిప్రాయాల గడిలో దమయంతి రాసింది: 'దండయాత్ర బాగుంది. అమ్మాయిని మాత్రం చూపించలేదు.'