డిసెంబర్‌లో చలివేంద్రం

"చలికి వణుకుతున్న నా ప్రజల కోసం, ఎవరు అడ్డం వచ్చినా సరే, మెట్రో స్టేషన్ పక్కన బ్రహ్మాండమైన చలివేంద్రం పెడుతున్న" అని మాజీ కార్పొరేటర్ రామస్వామి గారు డిసెంబర్‌లో ఒక ఉదయం దిల్‌సుఖ్‌నగర్‌లోని తమ ఆఫీసులో ప్రకటించారు. ఎవరూ అడ్డం రాలేదు. వచ్చిన విలేకరులు టీ తాగుతూ ఆ మాటను అలాగే రాసుకున్నారు. నాయకుడు చెప్పింది చెప్పినట్టు రాయడం వాళ్ళ వృత్తిధర్మం, పైగా టీ వేడిగా ఉంది.

ఉలిక్కిపడ్డవాడు ఒక్కడే. రామస్వామి గారి కుర్చీ వెనక ఏళ్ళ తరబడి నిలబడుతున్న ముఖ్య అనుచరుడు లింగస్వామి. చలివేంద్రం అంటే మండుటెండల్లో దారిన పోయేవాళ్ళకు కుండలో చల్లటి మంచినీళ్ళు పోసే పందిరి అని అతనికి తెలుసు. రామస్వామి గారికి తెలియదా అంటే, పాపం ఆయన తప్పేం లేదు. ఆయన ప్రారంభించిన చలివేంద్రాలకు లెక్కలేదు. అయితే రిబ్బన్ కత్తిరించగానే కారెక్కడం ఆయన అలవాటు. లోపల ఏముంటుందో చూసే తీరిక ప్రజాసేవలో ఏనాడూ దొరకలేదు. పేరులో చలి ఉంది కాబట్టి అది చలికాలపు ఏర్పాటేనని ఆయన నిండు మనసుతో నమ్మారు.

ప్రజలు వణుకుతున్న మాట మాత్రం నిజం. వాతావరణ శాఖ ఏం చెప్పినా చెప్పకపోయినా, డాబా మీద కొబ్బరినూనె సీసా ఎండకు కూర్చుందంటే దిల్‌సుఖ్‌నగర్‌లో చలికాలం వచ్చినట్టే. పెరుగు తోడుకోవడం మానేసింది. హాస్టళ్ళలో కోచింగ్ పిల్లలు స్నానాన్ని ఆదివారానికి వాయిదా వేశారు. పదిహేను డిగ్రీలకే ఊరంతా మంకీ క్యాపుల్లోకి దూరిపోయి, తండ్రిని కొడుకు, కొడుకుని తండ్రి గొంతును బట్టి పోల్చుకుంటున్నారు. షేర్ ఆటోలో మధ్య సీటు కోసం పెద్దమనుషులు కూడా తోసుకుంటున్నారు. ఇలాంటి సమయంలో చల్లటి నీళ్ళు.

రామస్వామి అన్నకు చెప్పేస్తే పోలేదా అని మీరు అనవచ్చు. కార్తీక్ అనే కుర్రాడు ఒకసారి చెప్పాడు. ఒక మహానుభావుడి వర్ధంతికి రామస్వామి గారు మైకులో హార్దిక శుభాకాంక్షలు తెలుపుతుంటే, వర్ధంతికి శుభాకాంక్షలు చెప్పకూడదన్నా అని చెవిలో ఊదాడు. అప్పట్నుంచి ఆ ఎంబీఏ కుర్రాడు సభల్లో బండ్ల పార్కింగ్ చూసుకుంటున్నాడు.

లింగస్వామి పార్కింగ్‌కు పోవడానికి సిద్ధంగా లేడు. డివిజన్ అధ్యక్ష పదవి సంక్రాంతిలోపు ఇప్పిస్తానని అన్న మాటిచ్చి ఉన్నాడు. ఇన్నేళ్ళ సేవలో లింగస్వామి ఫొటో ప్రతి ఫ్లెక్సీలోనూ అట్టడుగున, అగ్గిపెట్టె అంత ఉంటుంది. అదీ సరిగ్గా తాడు కట్టే చిల్లు దగ్గర. అవతల బామ్మర్ది తిరుపతి నిన్నగాక మొన్న పార్టీలోకి వచ్చి హయత్‌నగర్‌లో అధ్యక్షుడైపోయాడు. చుట్టాల ఇళ్ళలో ఏ ఫంక్షన్ జరిగినా తిరుపతికి ముందు వరసలో సోఫా వేస్తున్నారు. లింగస్వామికి చెప్పుల పక్కన ప్లాస్టిక్ కుర్చీ. ఆ కుర్చీ అతని గుండెల్లో గుచ్చుకుంటోంది.

అందుకని ఎల్‌బీ నగర్‌లోని తన ఇంట్లో తెల్లవార్లూ ఆలోచించి ఒక ఉపాయం పన్నాడు. పైన బోర్డు చలివేంద్రం అనే ఉంటుంది. లోపల మాత్రం అల్లం టీ పోస్తారు. అన్న మాటా నిలబడుతుంది, జనమూ తాగుతారు. అతని భార్య యాదలక్ష్మి అంతా విని, ఇంత తెలివి మా తమ్మునికి కూడా లేదని ఒప్పుకుంది. ఆ ఇంట్లో ఆ మాట రావడం అదే మొదలు.

ప్రారంభోత్సవం నాడు మంచు ఇంకా విడవలేదు. అల్లం వాసనకు వాకింగ్ వాళ్ళు, ఆటోవాళ్ళు, కోచింగ్ పిల్లలు మెట్రో మెట్లదాకా వరస కట్టారు. రామస్వామి గారు రిబ్బన్ కత్తిరించి, అలవాటు చొప్పున కారువైపు తిరిగారు. సరిగ్గా అప్పుడే సీతామహాలక్ష్మి గారు ఎదురొచ్చారు. ఆవిడ గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన రిటైర్డు తెలుగు టీచరు. ఊలు శాలువా సర్దుకుంటూ, టీవీ కెమెరా ఎదురుగానే అడిగారు.

"ఏవండీ, చలివేంద్రం అంటే వేసవిలో మంచినీళ్ళిచ్చే చోటు కదండీ. ఈ చలిలో పెట్టారేంటి?"

రామస్వామి గారు లింగస్వామి వైపు చూశారు. లింగస్వామి ఫ్లైఓవర్ వైపు చూశాడు. ఆ క్షణంలో అధ్యక్ష పదవి ఆ ఫ్లైఓవర్ మీదుగా హయత్‌నగర్ బస్సెక్కి పోతున్నట్టు అతనికి అనిపించింది. కానీ నాయకులు ఊరికే అవుతారా.

"ఎండాకాలంల అందరు పెడ్తరమ్మా. దూప అయినంక నీళ్ళిచ్చుడు గొప్పేంది? నేను దూప కాకముందే ఇస్తున్న" అన్నారు రామస్వామి గారు.

"మరి ఈ టీ?"

"టీ పనోళ్ళకమ్మా."

వరసలో నిలబడ్డ జనం చేతుల్లోంచి టీ కప్పులు మాయమయ్యాయి. మధ్యాహ్నానికల్లా ఎర్ర గుడ్డ చుట్టిన కుండలు వచ్చాయి. దూరదృష్టి నేత అని సాయంత్రం టీవీలో స్క్రోలింగ్ వచ్చింది. ప్రతిపక్ష నాయకుడు దీన్ని తీవ్రంగా ఖండించి, ఉత్త నీళ్ళతో ప్రజలను మోసం చేస్తున్నారంటూ మూసారాంబాగ్‌లో ఐసు ముక్కలతో ఇంకో చలివేంద్రం తెరిచాడు.

మర్నాటి నుంచి లింగస్వామి కష్టాలు చెప్పనలవి కాదు. జనం కుండను చూసి రోడ్డు దాటి అవతలి ఫుట్‌పాత్ మీద నడుస్తున్నారు. రోజూ పొద్దున్నే జనం నీళ్ళు తాగుతున్న ఫొటో కావాలని అన్న ఆర్డరు. తాగే జనం లేరు కాబట్టి లింగస్వామే జనమయ్యాడు. ఒకసారి మంకీ క్యాపుతో, ఒకసారి మఫ్లర్‌తో, ఒకసారి హెల్మెట్‌తో గ్లాసు ఎత్తి ఫొటోలు దిగాడు. వారం తిరక్కుండానే గొంతు పూర్తిగా మూతపడింది. యాదలక్ష్మి మిరియాల కషాయం పోస్తూ, కుర్చీ సంగతి దేవుడెరుగు, మనిషి మిగిలితే చాలని ఏడ్చినంత పని చేసింది.

ఇంతలో పిడుగులాంటి వార్త. డిసెంబర్‌లో చలివేంద్రం అన్న సంగతి పైవాళ్ళ దాకా పోయింది. పార్టీ రాష్ట్ర పరిశీలకులు వెంకటేశ్వరరావు గారు స్వయంగా చూడటానికి వస్తున్నారు. ఆయనకు నచ్చితే రామస్వామి గారికి టికెట్టు, లింగస్వామికి పదవి. నచ్చకపోతే ఇద్దరికీ పార్కింగ్. జనం మాత్రం దండిగా ఉండాలన్నారు.

ఆ పూట లింగస్వామి ఇంట్లో ఎవరూ స్నానం చేయలేదు. నీళ్ళన్నీ కాచి, డ్రమ్ముకెత్తి, ట్రాలీ ఆటోలో తెచ్చి కుండల్లో పోశాడు. వేడినీళ్ళని తెలియగానే దిల్‌సుఖ్‌నగర్ కదిలి వచ్చింది. కొందరు తాగారు, కొందరు గ్లాసును చెంపలకు ఆనించుకున్నారు. ఒక హాస్టల్ కుర్రాడు బకెట్ కూడా తెచ్చుకున్నాడు. పరిశీలకుల వారు జనసందోహాన్ని చూసి ముగ్ధులై, తామూ ఒక గ్లాసు అందుకుని గుక్క వేశారు. కళ్ళు పెద్దవయ్యాయి.

"ఇవి వేడిగా ఉన్నాయేంటి? చలివేంద్రం కదా?"

లింగస్వామి నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. చేతులు జోడించాడు. గొంతు ఉన్నా ఏం చెప్పేవాడో అతనికే తెలియదు. రామస్వామి గారు మాత్రం తొణకలేదు.

"మే నెలల మా నల్లా నీళ్ళు గిట్లనే ఒస్తయి సార్. జనానికి ఇప్పటిసందే అలవాటు చేస్తున్నం."

వెంకటేశ్వరరావు గారు గ్లాసు కింద పెట్టేశారు. ఎండాకాలానికి రిహార్సల్స్ వేయించే నాయకుణ్ణి తన సర్వీసులో చూడలేదని చెప్పి, రామస్వామి గారిని కౌగిలించుకున్నారు. ఏ పనైనా ఆరు నెలలు ముందుగా చేయడం ఇకపై పార్టీ విధానం అని అక్కడికక్కడే ప్రకటించారు. వెళ్తూ వెళ్తూ లింగస్వామి భుజం తట్టి, ఇలా మాట్లాడకుండా పనిచేసే కార్యకర్తే మనకు కావాలి అన్నారు.

సంక్రాంతిలోపే పదవి వచ్చింది. ఆ పైన జరిగిన మొదటి ఫంక్షన్‌లోనే లింగస్వామికి సోఫా వేశారు. యాదలక్ష్మి తమ్ముణ్ణి కొంచెం జరుగురా అంది.

మే నెల వచ్చింది. తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. మెట్రో స్టేషన్ పక్కన మళ్ళీ అదే పందిరి వెలిసింది. పార్టీ విధానం ప్రకారం ఫ్లెక్సీ మీద "ఉచిత దుప్పట్ల పంపిణీ మహోత్సవం" అని ఉంది. దాని మీద డివిజన్ అధ్యక్షుడు లింగస్వామి ఫొటో పళ్ళెమంత ఉంది, మంకీ క్యాపుతో సహా. రామస్వామి గారు రిబ్బన్ కత్తిరించి, మొదటి దుప్పటిని స్వహస్తాలతో లింగస్వామికి కప్పి, ఏసీ కారెక్కి వెళ్ళిపోయారు.

సీతామహాలక్ష్మి గారు గొడుగు వేసుకుని, కొంగుతో మొహం తుడుచుకుంటూ పందిరి కిందికి వచ్చారు. కళ్ళు తిరుగుతున్నట్టున్నాయి, పందిరి కర్రను పట్టుకుని నిలబడ్డారు.

"నాయనా, కాసిని మంచినీళ్ళుంటే ఇప్పించు."

లింగస్వామికీ నోరు పిడచకట్టుకుపోయి ఉంది. దుప్పటి అంచుతో చెమట తుడుచుకున్నాడు. గొంతు మాత్రం ఇప్పుడు బాగానే ఉంది.

"నీళ్ళు డిసెంబర్‌లనే ఇచ్చినం మేడం" అన్నాడు. "మీరే తాగలే."