రన్‌వే మీద బెంచీ

రెండో ప్రపంచ యుద్ధం లోకమంతటా ముగిసింది గానీ, నెదర్ థ్రాకిల్ గ్రామంలో మాత్రం ఆ మేరకు తీర్మానమేదీ ఇంకా ఆమోదం పొందలేదు.

యుద్ధకాలంలో ఊరి బార్లీ చేలను చదును చేసి బాంబర్ల కోసం విమానాశ్రయం కట్టారు. తర్వాత విమానాలు వెళ్లిపోయాయి, బార్లీ తిరిగొచ్చింది, కంట్రోల్ టవర్‌లో కోళ్లు చేరాయి (నిర్వహణ అప్పటినుంచే మెరుగుపడిందని పెద్దలు అనేవారు). మిగిలినవి రన్‌వే తాలూకు ఒక కాంక్రీటు ముక్క, దాన్ని కాపాడడానికి ఊరి పంచాయతీ లాంటి పారిష్ కౌన్సిల్ వారి రన్‌వే భద్రతా ఉపసంఘం. ఉపసంఘాన్ని రద్దు చేయాలంటే సభ్యులందరూ చెయ్యెత్తాలి. వారిలో ఒకరైన ఫ్లైట్ లెఫ్టినెంట్ టట్‌హిల్, టీ వేళకి వచ్చేస్తానని చెప్పి 1944లో విమానం ఎక్కాడు, ఇంకా రాలేదు. రాలేకపోయినందుకు ఆయన తరఫున క్షమాపణలు స్వీకరించాకే ప్రతి సమావేశమూ మొదలవుతుంది. ఆయన కప్పులో టీ కూడా పోస్తారు.

ఆ ఉపసంఘం ముందుకే ఆంబ్రోస్ పెట్టిఫర్ వచ్చాడు. భార్య మ్యూరియల్ కిందటి చలికాలంలో పోయింది. ఆ కాంక్రీటు అంచున నిలబడి భరతపక్షుల పాట వినడం ఆవిడకు ఇష్టం. అక్కడ ఆవిడ పేరున ఒక బెంచీ వేసుకుంటానన్నాడు, అంతే.

విమానం దిగే దారిలో బెంచీ ఉంటే ప్రమాదం కదా అంది అధ్యక్షురాలు మిసెస్ హెస్కెత్.

"ఏ విమానానికండీ?" నెమ్మదిగా అడిగాడు ఆంబ్రోస్.

"అది తెలిస్తే ఇంత భయమెందుకు, పెట్టిఫర్ గారూ?"

"టట్‌హిల్ గారు ఇన్నాళ్లకి వచ్చి బెంచీని గుద్దుకున్నారనుకోండి, మన మొహాలెక్కడ పెట్టుకుంటాం?" అన్నాడు కోళ్ల యజమాని డెన్‌జిల్. అందరూ టీ కప్పు వంక చూశారు.

రన్‌వే మీద విమానం తప్ప మరేదీ నిలవరాదని నిబంధన. బిస్కెట్లు అయిపోవస్తుండగా డెన్‌జిలే దారి కనిపెట్టాడు. బెంచీని విమానంగా నమోదు చేస్తే సరి. ఒకరు ప్రతిపాదించారు, ఒకరు బలపరిచారు. ముందస్తు అనుమతి లేకుండా ఎగరరాదనీ, కూర్చున్నవారు (ఇకపై పైలట్ అనబడువారు) తాగి ఉండరాదనీ షరతులు పెట్టారు.

తలుపు దగ్గర మిసెస్ హెస్కెత్ అతని చేతిలో కేకు ముక్క పెట్టింది. "తూర్పు గాలి మ్యూరియల్‌కి పడేది కాదు, ఆంబ్రోస్. బెంచీని చర్చి వైపు తిప్పి వేయించుకో" అంది, ఎవరికీ వినబడకుండా.

ఆంబ్రోస్ రోజూ సాయంత్రం ఫ్లాస్కు పట్టుకెళ్లి బెంచీకి ఒక చివర కూర్చునేవాడు. రెండో చివర ఖాళీగా ఉంచేవాడు.

నెల తిరక్కుండానే, చేలకవతల కొత్తగా వెలసిన ఇళ్లవాళ్లు నోటీసు బోర్డు మీద కొత్త విమానం నమోదు సంగతి చదివి ఫిర్యాదు చేశారు. ఊళ్లోకి విమానం వచ్చిందట, సాయంత్రమైతే దాని రొద భరించలేకపోతున్నారట. ఉపసంఘం తీవ్ర ఆందోళన వ్యక్తం చేసింది. ఆంబ్రోస్ ఇల్లిల్లూ తిరిగి మన్నించమని అడిగాడు. ఇప్పుడు ఇంకాస్త నిశ్శబ్దంగా కూర్చుంటున్నాడు.