తొట్టిలో పెన్సిలు గీత

ఆ రెండో శనివారం ఇంట్లో ఉన్నది నలుగురు. నాయన దయానంద్, అమ్మ కృపామణి, అవ్వ దీవెనమ్మ, నవీన. పెరట్లో కట్టేసిన గేదెతో కలిపి ఐదుగురు. అవ్వ ఎప్పుడూ కలిపే లెక్కపెట్టేది. ఆరోది స్నానాల తొట్టి. దాన్ని మాత్రం నాయన తప్ప ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

తిరుపతిలో ఏదో పాత లాడ్జిని పడగొడుతుంటే నాయన దాన్ని చౌకగా కొని, ట్రాక్టరులో చంద్రగిరికి తెచ్చాడు. వీధివాళ్ళు పడవ వచ్చిందనుకున్నారు. స్నానాలగదిలో రెండు వరుసల ఇటుకల మీద దాన్ని కూర్చోబెట్టాక బకెట్టు బయటికి వచ్చేసింది, బట్టలుతికే బండ బయటికి వచ్చేసింది. ఇంకాస్త పొడుగుంటే తలుపు కూడా వచ్చేసేదే.

నాయన అందులో కాళ్ళు చాపకముందే, నీళ్ళు పోయే కన్నం దగ్గర కారడం మొదలైంది. గోడ అవతల వంటింట్లో బియ్యం మూట తడిసింది. అమ్మ ఆ బియ్యంతో మూడు రోజులు దోసెలు పోసి, నాలుగో రోజు మాట తేల్చేసింది.

"ఈ పొద్దు తొట్టి నింపి గీత గియ్యప్పా. లైట్లేసే యాళకి నీళ్ళు గీత కాడనే ఉంటే తొట్టి నీది. దిగినాయంటే పెరట్లో ఎనుముది. తీసుకపోయి దాని ముందర పెట్టేస్తా."

"లెక్కల ఐవోరితో పందెమా మే? ఇరవై ఏండ్లుగా బళ్ళో తొట్టి లెక్కలు సెప్తాండా. ఒక పైపు నింపితే ఒక పైపు ఖాళీ చేస్తే..."

"ఆ లెక్కల్లో వంటిల్లు తడవదు కదా."

నాయన తొట్టి కిందికి దూరాడు. మోకాళ్ళ నుంచి మాత్రమే బయట మిగిలాడు.

"రబ్బరు బిళ్ళ అరిగిపోయినాది. పాపా, కత్తెర ఇయ్యి" అని లోపలి నుంచి మాట వచ్చింది. నవీన ఇచ్చింది. చేయి మళ్ళీ బయటికి వచ్చి, గడప దగ్గర ఏదో తడిమి, దొరికినదాన్ని లోపలికి లాక్కుంది.

కాసేపటికి అవ్వ వచ్చి ఒక చెప్పు తొడుక్కుని, రెండోదాన్ని ఎత్తి పట్టుకుంది. మడమ దగ్గర రూపాయి బిళ్ళంత గుండ్రటి కన్నం.

"ఇదేమిరా దయా?"

"మడమకు గాలాడతాది లేమ్మా."

తొమ్మిదింటికి కుళాయి వచ్చింది. రెండు రోజులకొకసారి వచ్చే నీళ్ళు. నాయన తొట్టి నింపి, లోపల పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ, సమయం రాశాడు. తొట్టి కింద పాత పేపరు పరిచి పావుగంట చూశాడు. ఒక్క చుక్క పడలేదు. చెప్పు ముక్క పనిచేసింది. ఆ సంగతి ఎదురింటివాళ్ళకు చెప్పి, టీ తాగి, అరగంటకు తిరిగి వచ్చాడు.

నీళ్ళు గీతకు నాలుగు వేళ్ళు కిందకి దిగి ఉన్నాయి. కింద పేపరు మాత్రం చదువుకునేంత పొడిగా ఉంది.

నవీన ఆ అరగంటా వరండాలోనే ఉంది. అవ్వ ఒంటి చెప్పుతో, చంకలో బిందెతో, స్నానాలగదికీ పెరటికీ నాలుగుసార్లు తిరగడం చూసింది. బోరునీళ్ళు ఉప్పన. గేదె మూతి పెట్టదు. అమ్మ కూడా వంటింటి కిటికీలోంచి చూసింది. చూసి, చూడనట్టే చింతపండు పిసుక్కుంది.

"నాయనా, అవ్వ..." అంది నవీన. ఆమె గొంతు ఎప్పుడూ పక్కగదిలోంచి వచ్చినట్టే ఉంటుంది.

"అవ్వకు కొత్త చెప్పులు కొనిస్తాలే పాపా" అని నాయన సైకిలెక్కి అంగడికి పోయాడు.

నీళ్ళలోనే గట్టిపడే బంక తెచ్చాడు. ఒక పొట్లం చాలన్నాడంట అంగడాయన. నాయన రెండు తెచ్చాడు. భుజం దాకా చేయి ముంచి, కన్నానికి పెట్టిన బిరడా చుట్టూ, బిరడా మీదా, మిగిలింది మళ్ళీ చుట్టూ మెత్తాడు. తగ్గిన నీళ్ళను డ్రమ్ములోంచి తెచ్చి గీత దాకా నింపి, అన్నానికి కూర్చున్నాడు.

మధ్యాహ్నం ఎండకు గేదెకు దాహం ఎక్కువ. నాయన చేయి కడుక్కుని వచ్చేసరికి నీళ్ళు ఆరు వేళ్ళు దిగాయి.

"ఏమప్పా, తొట్టి లెక్క తెగిందా?" అంది అమ్మ.

"కింద పోలేదు, పక్కకు పోలేదు. ఈ లెక్కన నీళ్ళు పైకి పోతాండాయి."

"నాయనా, బిందె..."

"బిందె పెట్టాలంటే యాడ కారతాందో తెలియాల కదమ్మా."

అది తెలుసుకోవడానికే నాయన వంటింట్లోంచి పసుపు డబ్బా తెచ్చి మొత్తం తొట్టిలో బోర్లించాడు. పసుపు ఎక్కడ బయటపడితే కారుడు అక్కడే అన్నాడు. తర్వాత టార్చిలైటు పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. గోడలు చూశాడు, కాలువ చూశాడు, బియ్యం మూట ఎత్తి చూశాడు. అవ్వకు కంట్లో పొర. నీళ్ళు ఏ రంగులో ఉన్నాయో ఆమెకు ఆనదు.

సాయంత్రం నాయన పెరట్లోకి వచ్చి గేదె ముందు ఆగిపోయాడు. గేదె మూతి నుంచి కళ్ళ దాకా పసుపు. పెండ్లికూతురిలా తల వంచుకుని నిలబడి ఉంది. పక్కన అవ్వ, చంకలో పచ్చటి బిందె.

"అమ్మా, ఆ కారుడు నువ్వేనా?"

"ఇది ఉప్పునీళ్ళు తాగదు కదరా. ఆడ తియ్యనీళ్ళు ఎవురూ దిగకుండా ఊరికే ఉండాయి."

నాయన ముఖం వెలిగిపోయింది. ఇంట్లోకి పరుగెత్తాడు. "కృపా, తొట్టి కారలేదు మే. కారింది మా యమ్మ. పందెం నాది."

"సరే, నీదే" అంది అమ్మ తాపీగా. "ఆ పసుపునీళ్ళు వదిలేసి కడుగు. గదిలో కాలు పెట్టలేకుండా ఉండాది."

నాయన బిరడా గొలుసు పట్టి లాగాడు. గొలుసు చేతికి వచ్చింది. బిరడా రాలేదు. రెండు పొట్లాల బంక రాయిలా బిగిసింది. స్క్రూడ్రైవరు వంగింది. సుత్తి ఎత్తాడు కానీ, దెబ్బ వేస్తే తొట్టి పగులుతుందని దించేశాడు.

అమ్మ గడపలో నిలబడి అంతా చూసింది. "అడుగున కన్నం లేదు. చుక్క కారదు. నీళ్ళు తోడుకోవాల్సిందే. దీన్ని ఏమంటారు ఐవోరా?"

పెరట్లోంచి గేదె పలికింది.

రేపు చర్చిలో ప్రార్థన అయ్యాక నలుగురిని పిలిచి తొట్టిని గేదె ముందుకి మోయించాలని తేలింది. నాయన చిన్నగా అన్నాడు. "ఒక్కసారి స్నానం చేయనీ మే. కొన్నప్పటి నుంచి కాళ్ళు చాపనేలేదు."

అమ్మకు జాలేసింది. "పో. పసుపు ఒంటికి మంచిదే."

నాయన తువాలు వెతుక్కునేలోపు, తొట్టి ఎవరిదో తేలిందని విన్న అవ్వ ఆలస్యం చేయలేదు. గేదె తెల్లవారి మేతకని నాలుగు శేర్ల నూనె తీసిన శెనక్కాయ చెక్క, పైన తవుడు తెచ్చి తొట్టిలో నానేసి పోయింది. పసుపునీళ్ళలో అన్నీ అడుగుకు చేరి కనబడకుండా పోయాయి.

నవీన పరుగున వచ్చి గడపలో నిలబడింది. పొద్దుటినుంచి కూడబెట్టుకున్న గొంతంతా తీసి, "నాయనా, ఆ నీళ్ళలో అవ్వ..." అంది.

"ఇంకా అవ్వేనా పాపా" అని నాయన నవ్వి, ఆమె ముఖం మీదే తలుపు మూసి గొళ్ళెం పెట్టుకున్నాడు.