గొడుగులున్న వెనక వరుస

ఆ రోజు పొద్దున్నే, కాలేజీలో వ్యాపారం కోర్సు చెప్పే మాస్టారు తరగతిని రెండుగా చీల్చారు. మొదటి పీరియడ్‌కి ప్రిన్సిపాల్ గారు వచ్చి కూర్చుంటారు. సొంతంగా వ్యాపారం పెట్టే ఉత్సాహం ఒక్కరిలోనైనా కనిపించకపోతే కోర్సు ఎత్తేస్తారు. అప్పుడు మాస్టారు లైబ్రరీకి పోయి పుస్తకాల దుమ్ము దులుపుకోవాలి. పాపం, ఆయనకు దుమ్ము పడదు.

"పులి కడుపున చలిచీమలు పుడతాయా?" అన్నది మాస్టారి సిద్ధాంతం. అందుకే దుకాణాలవాళ్ళ పిల్లల్ని ముందు వరుసలో కూర్చోబెట్టారు. నెలజీతాలవాళ్ళ పిల్లలు వెనక వరుస. వాళ్ళను చూస్తేనే ఆయనకు నీరసం. బయట మబ్బు తునకైనా లేదు, ఒక్కొక్కరి ఒళ్ళో ఒక్కో గొడుగు.

"ఇంత భయం పెట్టుకుని వ్యాపారం ఏం చేస్తారమ్మా?" అని గుమాస్తా గారి అమ్మాయిని అడిగారు. ఆమె నవ్వి ఊరుకుంది. తరగతిలో ఆమెకు మౌనవ్రతం అని పేరు.

"మీరంతా కాసేపు గేటు దగ్గర నిలబడండి. నేను పిలిస్తే రండి."

వాళ్ళు అటు వెళ్ళారో లేదో, చెప్పాపెట్టకుండా వాన దిగింది.

ప్రిన్సిపాల్ గారు ఆలస్యంగా వచ్చారు, కానీ పొడిగా వచ్చారు. అది గమనించే స్థితిలో మాస్టారు లేరు. బేకరీ యజమాని కొడుకును లేపి, "చెప్పు నాయనా, చదువయ్యాక ఏం చేస్తావు?" అన్నారు.

"ఉద్యోగం సర్."

"మొహమాటపడుతున్నాడండీ," అన్నారు మాస్టారు.

"లేదు సర్. మా నాన్న ఆదివారం ఇంట్లో ఉండగా నేనెప్పుడూ చూడలేదు. నాకు ఆదివారం కావాలి."

మాస్టారు గబగబా ఇనుప సామాను కొట్టు వాళ్ళమ్మాయిని లేపారు. ఆమె పింఛను కూడా వచ్చే ఉద్యోగం కావాలంది.

"మరి మీ కొట్టు ఎవరు చూసుకుంటారమ్మా?"

"నాన్న కూడా అదే బెంగ సర్. మీకేమైనా ఆసక్తి ఉందేమో కనుక్కోమన్నారు."

వరుసంతా ఘొల్లుమంది. మాస్టారికి ముక్కులో అప్పుడే దుమ్ము వాసన తగిలింది.

"అయితే గేటు దగ్గర ఆ పిల్లలెవరండీ?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"ఏ పిల్లలండీ?"

"గొడుగులవాళ్ళు. బస్సు దిగినవాళ్ళను తడవకుండా ఇక్కడిదాకా దింపుతున్నారు. ఊరికే కాదు సుమా, నా దగ్గరా డబ్బులు పుచ్చుకున్నారు. తగ్గించమ్మా అని ఎంత అడిగినా వాళ్ళలో ఒకమ్మాయి నవ్వి ఊరుకుంది. చివరికి నేనే దిగొచ్చాను." 

"మా వెనక వరుసవాళ్ళేనండీ," అన్నారు మాస్టారు.

ప్రిన్సిపాల్ గారు మెచ్చుకోలుగా తలాడించారు. "మీ కోర్సు ఉండనివ్వండి మాస్టారూ."

సాయంత్రానికీ వాన తగ్గలేదు. గొడుగు లేని మాస్టారు మెట్ల మీద నిలబడి ఉంటే మౌనవ్రతం వచ్చి ఆయన నెత్తిన గొడుగు పట్టింది.

"ఎంతమ్మా?" అన్నారాయన నెమ్మదిగా.

"మీకు ఉచితం సర్. మమ్మల్ని గేటు దగ్గరికి పంపింది మీరేగా."

మాస్టారికి సిగ్గేసింది, అంతకు మించి సంతోషమేసింది. దారంతా ఆయన కూడా నవ్వి ఊరుకున్నారు.

మర్నాడు ముందు వరుస మొత్తం ఆమె దగ్గర ఉద్యోగంలో చేరింది, ఆదివారాలు సెలవన్న షరతు మీద.