పద్దెనిమిది ఫ్యూజులు

మామగారు వచ్చే రైలు పదిన్నరకి. ఎనిమిదికల్లా కారు తుడవాలి, తొమ్మిదిన్నరకి బయల్దేరాలి, పదింటికి స్టేషన్లో నిలబడాలి అని లైబ్రేరియన్ ముందురోజే చీటీ రాసి ఫ్రిజ్ మీద అంటించాడు. కారు తుడవడం అయింది. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయని హీటరు స్విచ్ తిప్పాడు. ఫ్యాను ఉలకలేదు, పలకలేదు.

ఇంకే కారైనా అతను అంత కంగారు పడేవాడు కాదు. ఇది మామగారు ఇచ్చింది. ఆయన ముప్పై ఏళ్లు రైలింజను నడిపిన మనిషి. తాళాలు చేతిలో పెడుతూ, "సరిగ్గా చూసుకోకపోతే చిన్నల్లుడికి ఇచ్చేస్తాను" అని అందరి ముందూ అన్నారు. చిన్నల్లుడు ఇంజనీరు. దానికితోడు పోయిన శీతాకాలం వచ్చినప్పుడు ఆయన ఎడమచేతి గ్లౌజు కనబడకుండా పోయింది. "మీ ఇంట్లో వస్తువుకి భద్రత లేదయ్యా" అని ఏడాదిగా ప్రతి ఫోన్లోనూ దెప్పుతూనే ఉన్నారు. నిన్ననే లైబ్రేరియన్ ఆయనకి కారు భేషుగ్గా ఉందని మాటిచ్చాడు.

"మెకానిక్‌ని పిలవండి" అంది భార్య.

"ఫ్యూజు పోయుంటుంది. వేలెడంత ఉండదు, దానికి మెకానిక్ ఎందుకు?"

"కుళాయి వాషరప్పుడూ ఇదే అన్నారు. రెండ్రోజులు బకెట్లు మోశాం."

అతను విననట్టే స్టీరింగు కింద తల దూర్చాడు. కళ్లజోడు మసకబారుతోందని నాలుగు అద్దాలూ దించుకున్నాడు.

ఏ ఫ్యూజు దేనిదో పెట్టె మూత మీదే బొమ్మ వేసి ఉంటుంది. ఈ మూత మీద అది కనబడదు. చేతికందిన ప్రతిదానికీ అట్ట వేసే అలవాటున్న మనిషి, కారు వచ్చిన వారంలోనే ఆ మూతకీ గోధుమరంగు కాగితం అతికించి, గుండ్రటి అక్షరాలతో "ఫ్యూజులు" అని రాసుకున్నాడు.

అంచేత పద్దెనిమిదీ పీకి, తుడిచి, సీటు మీద పరిచాడు. నిజంగానే ఒకటి మాడిపోయి ఉంది. తన ఊహ నిజమైనందుకు అతనికి పట్టరాని సంతోషం కలిగింది. దాన్ని జేబులో వేసుకుని, బదులు డాష్‌బోర్డు అరలో ఉన్న కొత్తదొకటి చేర్చాడు. ఫ్యూజుల మీద ఐదు, పది, పదిహేను, ఇరవై, ముప్పై అని అంకెలున్నాయి. ఇరవై రెండేళ్లు పుస్తకాలు సర్దిన చేతులు ఊరుకుంటాయా? అంకెల వరసలో పేర్చి, ఆ వరసలోనే ఎడమనుంచి కుడికి పెట్టెలోకి ఎక్కించేశాడు. చివర ఆరు గదులు మిగిలాయి. ఇందాక మధ్యమధ్య ఖాళీగా ఉన్న గదులు ఆరేనని అప్పుడు గుర్తొచ్చింది. ఏ ఆరో గుర్తు రాలేదు.

ఫ్యాను తిరగలేదు. హారన్ మోగలేదు, వైపర్లు కదలలేదు, దించిన అద్దాలు లేవలేదు. ఇంజను మాత్రం స్టార్టయింది. అప్పటికే పావు తక్కువ పది. ఉన్నదాంతో సరిపెట్టుకుని భార్యని ఎక్కించుకుని బయల్దేరాడు.

రైలు దిగిన మామగారు ముందు సీట్లో కూర్చుని, స్టేషన్ నుంచి రెండు వీధులు దాటేదాకా ఓపిక పట్టారు.

"అద్దాలెత్తు అల్లుడూ. చెవులు పోతున్నాయి."

"తాజా గాలి ఊపిరితిత్తులకి మంచిదని డాక్టరు చెప్పాడు మామయ్యా."

"ఎవరికి చెప్పాడు?"

అంతదూరం అతను ఆలోచించుకోలేదు. "మీ అమ్మాయికి" అనేశాడు.

మామగారు గిరుక్కున వెనక్కి తిరిగారు. "ఏమైందే నీకు? ఎన్నాళ్లనుంచి?"

"నాకేం కాలేదు నాన్నా."

"ఇద్దరూ కలిసి దాస్తున్నారు. ఆస్పత్రికి పోనీ అల్లుడూ. ఆ డాక్టరుతో నేనే మాట్లాడతా." ఆయన గొంతు వణికింది. లైబ్రేరియన్‌కి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చెప్పకపోతే కారు ఆస్పత్రికి, చెబితే చిన్నల్లుడింటికి.

తండ్రి కళ్లలో నీళ్లు చూసి భార్య ఇక ఆగలేకపోయింది. "హీటరు పాడైంది నాన్నా. ఈయన బాగుచేశారు. దాంతో మిగతావన్నీ పాడయ్యాయి."

మామగారు కళ్లు తుడుచుకున్నారు. తర్వాత కారు పక్కకి ఆపించి, సంచిలోంచి స్క్రూడ్రైవరు తీశారు. హీటరు స్విచ్ వేసి, ఫ్యూజుల పెట్టె తెరిచి, ఫ్యానుకి పెద్దదే ఉంటుందని ముప్పై అంకె ఫ్యూజు ఒక్కో గదిలో పెట్టి చూశారు. ఏడో గదిలో పెట్టగానే డాష్‌బోర్డు వెనక ఏదో గుయ్‌మని మూలిగింది. వెంటనే స్విచ్ కట్టేశారు.

"కరెంటు వస్తోంది, ఫ్యాను తిరగట్లేదు. లోపలేదో అడ్డం పడింది. ఫ్యూజు మాడిందీ అందుకే. ఏడాదికోసారైనా విప్పి చూడొద్దా? అదే చిన్నల్లుడైతే..."

మాట పూర్తి చేయకుండానే డాష్‌బోర్డు అర ఊడదీసి, మోటారు కిందికి దించి, రెండు వేళ్లతో లోపలున్నదాన్ని బయటికి లాగారు. బూడిదరంగు ఉన్ని గ్లౌజు. ఎడమచేతిది.

"నీదే కదా నాన్నా" అంది కూతురు.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "అప్పుడు ఈ అర గడగడమంటుంటే పక్క సందులో కుక్కాను. ఊరెళ్లేలోగా తీద్దామనుకున్నా. జారి ఫ్యాన్లో పడ్డట్టుంది."

ఏడాదిగా అనాలనుకున్న మాటలన్నీ లైబ్రేరియన్ నోటిదాకా వచ్చాయి. ఆస్పత్రికి పోనీ అన్నప్పుడు వణికిన గొంతు గుర్తొచ్చి మింగేశాడు. "పోన్లెండి మామయ్యా. ఆలస్యమైనా తిరిగొచ్చింది" అన్నాడు, లైబ్రరీ కౌంటరు దగ్గర పుస్తకం ఆలస్యంగా తెచ్చినవాళ్లతో అన్నట్టే.

"కారు నీ దగ్గరే ఉండనీ" అన్నారు మామగారు, గ్లౌజు జేబులో కుక్కుకుంటూ. "చిన్నల్లుడికి మాత్రం ఇదంతా చెప్పకు."

ఇంటికి చేరేదాకా హారన్ మోగలేదు, వైపర్లు కదలలేదు, నాలుగు అద్దాల్లో ఒక్కటీ లేవలేదు. హీటరు మాత్రం భేషుగ్గా పనిచేసింది.